సలేశ్వరం దారిలో ఆడవాళ్ల మందుమూట

ఏడాది పొడుగునా అడవి జంతువులకు వదిలేసిన దారి అది. చైత్ర పౌర్ణమికి కాస్త ముందూ వెనకా, సలేశ్వరం లింగమయ్య జాతరకు మాత్రమే మనుషులకు తెరుచుకుంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరు దాటాక, శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ గేటు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి మళ్లితే రాంపూర్ చెంచుపెంట వైపు మట్టిరోడ్డు పోతుంది. బండ్లు ఆగిన చోటు నుంచి ఇక నడకే. రాళ్లు, వేళ్లు, కొండ అంచున ఒకరి వెనక ఒకరు పోవాల్సిన ఇరుకుదారి, చివర లోయలోకి నిటారు దిగుడు. అడుగున గుండం, పైనుంచి అందులోకి పడే నీళ్లు, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. దిగేవాళ్లు 'వస్తున్నాం లింగమయ్యా' అంటారు, ఎక్కేవాళ్లు 'పోయొస్తాం లింగమయ్యా' అంటారు. ఆ రెండు కేకలూ రోజంతా లోయలో తగులుకుంటూనే ఉంటాయి.

దారిలో ఎటు చూసినా ఆడవాళ్లే. చంకలో పిల్లలున్న తల్లులు, కర్ర పట్టుకున్న ముసలమ్మలు, చెప్పులు చేతిలో పట్టుకుని ఒట్టికాళ్లతో నడిచే కొత్త పెళ్లికూతుళ్లు. మా వదినా నేనూ కర్నూలు నుంచి వెళ్లాం. మొక్కు ఆమెది. నేను చూడాలనుకున్నది ఈ ఆడవాళ్లు కొంగున ఏం ముడేసుకుని వస్తారో, కాలికి దెబ్బ తగిలితే, కడుపులో నొప్పి లేస్తే, ఎండ కొడితే ఏం చేసుకుంటారో. వదిన సంచిలో శొంఠిపొడి, వాము, పసుపు, కొబ్బరినూనె, గుడ్డ పట్టీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉన్నాయి. మాతో నడిచిన అచ్చంపేట అక్క కొంగు ముడిలో వాముతో పాటు రెండు ఉప్పురాళ్లు, ఒక అల్లం ముక్క. ఆమె పదో తరగతి చదివే కూతుర్ని కూడా వెంట తెచ్చుకుంది.

మొదటి దెబ్బ ఆ పిల్లకే తగిలింది. రాయి అంచుకు బొటనవేలు కొట్టుకుని చర్మం లేచిపోయింది. రక్తం చూసి వాళ్లమ్మ పసుపు డబ్బా వెతుకుతుంటే, దారి పక్కన తేనె సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్న ఒక చెంచు పెద్దమ్మ లేచి వచ్చింది.

"ఏడ్వకు బిడ్డా, ఏం గాదు. ముందుగాల నీళ్లు పొయ్యి, మన్ను పోవాలె."

సీసాలో నీళ్లన్నీ పోయించి పుండు కడిగించింది. తర్వాత వాగు పక్క తడినేల మీద వంగి ఒక్కో ఆకూ తిప్పి చూసి గుప్పెడు కోసింది. బూడిదపచ్చ రంగు, అంచున రంపపు పళ్లు, చేత్తో రాస్తే గరుకుగా నూగు. పక్కనే పొడవాటి సన్నని కాడ మీద ఒంటి పువ్వు, నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు తెల్లని చిన్న రేకులు. గడ్డిచేమంతి! మన ఇళ్ల గోడవార మొలిచేదే. చిన్నప్పుడు పలక తుడవడానికి మేమంతా బొగ్గుతో కలిపి నలిపిన ఆకు. పెద్దమ్మ ఆకునూ కడిగింది, తన చేతులనూ కడుక్కుంది. అరచేతుల మధ్య నలిపి పిండితే చిక్కటి పచ్చపసరు బొట్లు బొట్లుగా వేలి మీద పడింది. పిల్ల కెవ్వుమంది. కాసేపటికి రక్తం కారడం ఆగింది.

"నోట్లె నమిలి పెట్టేటోళ్లున్నరు. అట్ల పెట్టొద్దు, చీము పడతది" అంది పెద్దమ్మ, వదిన ఇచ్చిన గుడ్డ పట్టీ చుడుతూ.

ఈ మొక్క మన దేశానిది కాదు. ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చి మన గట్ల మీద స్థిరపడింది. అంటే దాని గుణాన్ని ఈ నేల మీది మనుషులు తర్వాతెప్పుడో కనిపెట్టుకున్నారు. అడవి వైద్యమంటే తాతముత్తాతల నుంచి కదలకుండా పడి ఉన్నదని అనుకునేవాళ్లు ఈ ఒక్క ఆకును చూస్తే చాలు. కొత్త మొక్క వస్తే దాన్ని వాడి చూసి, పనికొస్తే ఉంచుకునేంత చురుకు అందులో ఉంది. అయితే పసరు రక్తం ఆపుతుందే గాని ధనుర్వాతాన్ని ఆపదు. ఆ పిల్లకు టీటీ సూది ఎప్పుడు వేయించారని అడిగాను. వాళ్లమ్మకు గుర్తులేదు. ఊరికి పోగానే వేయించమని చెప్పాను.

పెద్దమ్మ తేనె సీసాలు మనవడికి అప్పజెప్పి, గుండం దాకా మాతో వస్తానంది. ఆమె చేతిలో ఇనుప మొన ఉన్న గడ్డలు తవ్వే కర్ర. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ కొండల్లోనే చెంచుల మధ్య ఉండి 1943లో అచ్చు వేయించిన పుస్తకంలో వర్ణించిన తవ్వుకర్ర అలాంటిదే. చెంచు ఆడవాళ్లు దానితోనే గడ్డలు, దుంపలు తవ్వి ఇల్లు నడిపారు. మందు మొక్కలు వాళ్లకు తెలిసింది వైద్యం నేర్చుకోబోయి కాదు, రోజూ తిండి కోసం నేల వెతకబోయి. ఏది తినొచ్చు, ఏది ఉడికించి తినాలి, ఏది ముట్టుకోకూడదు అన్న లెక్క ముందు. ఏ ఆకు దేనికి పనికొస్తుందన్నది దాని వెనకే వచ్చింది.

ఆ ముట్టుకోకూడని వాటి గురించే ఆమె ఎక్కువ మాట్లాడింది. నల్లజీడి చెట్టు చూపించి దూరంగా జరగమంది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే జీడి అదే. పగిలిన మడమకు వేడి సూదితో దాని రసం చుక్క అంటించడం వీళ్ల వైద్యంలో ఉంది. కానీ ఒక్క చుక్క ఎక్కువైతే తోలు కాలి బొబ్బ లేస్తుంది. తన మడమ మీద పాతకాలపు మచ్చ చూపించింది. రూపాయి బిళ్లంత, మెరుస్తూ. మన పల్లెల్లో దిష్టి తగలకుండా ఆ జీడిగింజను దారానికి గుచ్చి పసిపిల్లల చేతికి కడతారు. ఆ పసితోలు మీద అదేం చేస్తుందో ఆ మచ్చను చూస్తే తెలుస్తుంది. గురువింద గింజలైతే పూసల్లా ముద్దొస్తాయి, వాటిలోని అబ్రిన్ ప్రాణాంతక విషం. పిల్లలు కొరికి మింగితే అంతే. చిత్రమూలం వేరు చర్మాన్ని కాలుస్తుంది, గర్భాన్ని దించడానికి దాన్ని వాడి ప్రాణాల మీదికి తెచ్చుకున్న వాళ్ల కథలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి.

"కడుపుతోని ఉన్నదానికి ఏ ఏరూ ఇయ్యం" అంది పెద్దమ్మ. "పాలిచ్చే తల్లికి గూడ అడిగి ఇస్తం. మొగోళ్లకిచ్చినట్టు ఆడోళ్లకు ఇస్తరా?"

ప్రకృతి మందు కాబట్టి ఏ హానీ ఉండదని పట్నంలో అంగడి పెట్టినవాళ్లు చెబుతారు. అడవిలో పుట్టి పెరిగిన మనిషి అలా ఒక్కసారీ అనలేదు. ఎవరికి, ఎంత, ఏ నెలలో, ఎప్పుడు ఇవ్వకూడదు, ఇదంతా కలిస్తేనే ఆమె లెక్కలో అది మందు. ఆకు పేరొక్కటే తెలిసినవాళ్లకు మందు తెలిసినట్టు కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇంకో మాట. చెంచులు అడవి ఉత్పత్తులు సేకరించుకోవడం 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన హక్కు. జాతరకు వచ్చిన మనకు కనిపించిన వేరల్లా పెకలించి సంచిలో వేసుకోవడానికి ఏ హక్కూ లేదు. దెబ్బ తగిలిన చోట గుప్పెడు కలుపు ఆకు వేరు, సుగంధిపాల తీగను వేళ్లతో సహా లాగడం వేరు.

దిగుడు మొదలైన చోట వదిన కాలు మడతపడింది. చీలమండ ఉబ్బింది. నేను కాపడం పెడదామంటే పెద్దమ్మ వద్దంది. "ఇయ్యాల సల్లనీళ్లు, రేపు ఏడి." పక్కనున్న వాగు నీళ్లలో చాలాసేపు కాలు పెట్టించి, పట్టీ బిగించి, కాలు ఎత్తున పెట్టించింది. మర్నాటికని వాగు ఒడ్డున గుబురుగా ఉన్న వావిలి కొమ్మ ఒకటి విరిచి ఇచ్చింది. ఒక్కో కాడకు చేతివేళ్లలా ఐదేసి ఆకులు, పైన ముదురుపచ్చ, కింద బూడిదరంగు తెలుపు, నలిపితే ఘాటు వాసన. తెలుగు ఇళ్లలో బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతోనే స్నానం చేయిస్తారు. ఆ వేడినీళ్లు నడుముకీ కాళ్లకీ తగులుతుంటే కలిగే హాయి పురుడు పోసుకున్న ప్రతి ఆడదానికీ తెలుసు. వదిన కొమ్మను మొహం దగ్గర పెట్టుకుని, "మా అమ్మ గుర్తొచ్చింది వదినా" అంది. కాలు నేల మీద పెట్టి నాలుగడుగులు వేయలేకపోతే ఎముక విరిగిందేమో చూపించుకోవాలి. వదిన వేయగలిగింది. కర్ర ఊతంతో మెల్లగా దిగాం.

ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. చైత్రంలో నల్లమలలో చాలా చెట్లు ఆకు రాల్చి నిలబడతాయి. నీడ ఉండదు. పొలం పనుల్లో చేసినట్టే కొందరు తలగుడ్డ కింద తంగేడాకు పరుచుకున్నారు. ఆకుల చలువ మాడును కాపాడుతుంది, ఒళ్లంతా ఆరిపోతుంటే మాత్రం నీళ్లే కావాలి. పెద్దమ్మ తన కుండలో నీళ్లు తేర్చేది చిల్లగింజతో. గింజను కుండ లోపలి గోడకు గంధంలా అరగదీసి, నీళ్లు పోసి కదలకుండా ఉంచితే మురుకంతా అడుక్కి దిగుతుంది. విషముష్టి చెట్టూ, చిల్లచెట్టూ దగ్గరి చుట్టాలు. ఒకటి చంపుతుంది, ఒకటి నీళ్లు తేరుస్తుంది. తేరిన నీళ్లలో సూక్ష్మక్రిములు మిగిలే ఉంటాయి కనుక కాచి తాగడమే మంచిది.

అసలు కష్టం మంచి నీళ్లు దొరకడం కాదు. దొరికినా ఆడవాళ్లు తాగడం లేదు!

అచ్చంపేట అక్కకు నేను సీసా ఇస్తే పెదాలు తడుపుకుని తిరిగి ఇచ్చేసింది. ఇంకో ఇద్దరిని అడిగాను, అదే తీరు. కారణం అందరికీ ఒకటే. తాగితే పోయాలి. పోయడానికి చాటు లేదు. ముందూ వెనకా జనం, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, పొదల్లోకి పోతే పాముల భయం, మగవాళ్ల భయం. అందుకని తెల్లవారుజామున బయల్దేరే ముందు నుంచే గొంతు కట్టేసుకుంటారు. నలభై డిగ్రీలు దాటే ఎండలో, చంటిపిల్లను ఎత్తుకుని, గంటల తరబడి చుక్క నీరు లేకుండా కొండ ఎక్కి దిగుతారు. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను దేవుడు పూనాడంటారు. మర్నాడు మూత్రంలో మంట మొదలైతే వేడి చేసిందంటారు. మగవాళ్లకు ఈ బాధ లేదు. ఏ చెట్టు చాటైనా వాళ్లకు చాలు. ఈ ఒక్క విషయంలో నా మనసు మండిపోయింది. ఏ అడవిలోనూ దీనికి ఆకు లేదు. నాలుగు గుంజలు, తడికలు, ఒక నీళ్ల డ్రమ్ము కావాలి, నడకదారి పొడుగునా అక్కడక్కడా. అభయారణ్యంలో శాశ్వత కట్టడాలు కుదరవు సరే. జాతర అయిపోగానే విప్పేసే తడికలకేం అడ్డం?

అక్కడికక్కడ చేయగలిగింది చేశాం. వదినా నేనూ ఒక పాత దుప్పటిని చెరో కొస పట్టుకుని బండచాటున చాటు కట్టాం. అక్క వెళ్లింది, ఆమె కూతురు వెళ్లింది, తర్వాత ముక్కూమొహం తెలియని వాళ్లు వరస కట్టారు. వచ్చిన ప్రతి మనిషికీ వదిన ఒక గ్లాసెడు ఓఆర్‌ఎస్ నీళ్లు ఇచ్చింది. పొట్లాలు అయిపోయాక లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఇలాంటి ఉప్పు, చక్కెర నీళ్లే తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే మాత్రం అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ ఆసుపత్రికి చేర్చాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

దుప్పటి చాటున ఇంకో సంగతి బయటపడింది. నెలసరి రోజుల్లో గుడికి రాకూడదని కట్టుబాటు. దారిలో మొదలైతే? ఒకమ్మాయి భయంతో వణుకుతూ వదిన చెవిలో చెప్పింది. మేం ఎవరికీ చెప్పలేదు. ప్యాడ్ ఇచ్చాం, వాడినది కాగితంలో చుట్టి సంచిలోనే వెనక్కి తీసుకుపొమ్మన్నాం, అడవిలో పారేస్తే అది ఏళ్ల తరబడి మట్టిలో కలవదు. పొత్తికడుపు నొప్పికి వదిన అర చెంచా కంటే తక్కువ శొంఠిపొడి బెల్లంతో కలిపి గోరువెచ్చని నీళ్లతో ఇచ్చింది. ఇది మన అమ్మమ్మల మందే. నెలసరి మొదటి రోజుల్లో రోజుకు ముప్పావు గ్రాము నుంచి 2 గ్రాముల దాకా శొంఠి తీసుకున్నవారికి నొప్పి తగ్గినట్టు 2015లో అచ్చయిన ఒక పరిశోధనల సమీక్ష కూడా చెప్పింది. ఎండకు కాగిన గుండ్రాయిని చీరచెంగులో చుట్టి పొట్ట మీద పెట్టుకోమంది పెద్దమ్మ. ఆ వేడి శొంఠి కంటే ముందే పని చేసింది.

అన్నదానం దగ్గర వడ్డించే ఆవిడ ముంజేతి మీద వేడి సాంబారు ఒలికింది. అందరూ తలో సలహా చెప్పారు, పేస్టు, సిరా, పిండి. పెద్దమ్మ వచ్చేలోపే ఎవరో నీళ్ల కింద పెట్టించారు, మంచి పని. దాదాపు 20 నిమిషాలు పారే నీళ్లు పడితే కాలిన బాధ సగం దిగుతుంది. తర్వాత పెద్దమ్మ తన తేనె పల్చగా పూసింది. షోలాపూర్ సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం కాలిన గాయాల మీద తేనెను ఆసుపత్రిలో వాడే సిల్వర్ సల్ఫాడయజీన్‌తో పోల్చి చూసి, తేనె వాడినవాళ్లకు గాయాలు త్వరగా మానాయని 1991లో ప్రచురించారు. చేయి పొడుగునా బొబ్బలు లేచినా, మొహం కాలినా ఇంటి వైద్యం పనికిరాదు. ఏడాది నిండని పిల్లల నోట్లో తేనె అస్సలు వేయకూడదు. ఆ తేనెను పెద్దమ్మ కొడుకు కొండచరియ నుంచి తాడు మీద దిగి తీశాడట. పైన తాడు పట్టేది భార్య తమ్ముడు. బావ ప్రాణం పోతే విధవ అయ్యేది తన అక్కే కాబట్టి బావమరిది తాడు వదలడన్నది చెంచుల నమ్మకం.

ఎక్కేటప్పుడు నేను అడగాలనుకున్నది అడిగాను. "పాము కరిస్తే ఏ ఆకు కడతరు పెద్దమ్మా?"

ఆమె ఆగింది. "మా మరిదిని కరిసింది. ఆకు కట్టుకుంట కూసున్నం. తెల్లారేసరికి లేడు. ఇప్పుడైతే ఆకు గీకు లేదు. బండి మాట్లాడుడే."

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దగ్గర పాముకాటు చావుల్లో ఎక్కువ ఈ నాలుగింటివే. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, ఏదీ చేయకూడదు. మట్టెలు, గాజులు, ఉంగరాలు వెంటనే తీసెయ్యాలి, వాపెక్కితే అవి కోతపెడతాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పుల్ల కట్టి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఎక్కించే విషం విరుగుడులో కూడా అడవి మనుషుల చెయ్యి ఉంది. తమిళనాడులో ఇరుళ తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పట్టిన పాముల విషం నుంచే దేశంలో చాలా విరుగుడు మందు తయారవుతుంది. తేలు కుట్టి చెమటలు పట్టి, చేతులు చల్లబడి, పిల్లలు వాంతులు చేసుకుంటుంటే అదీ ఆసుపత్రి కేసే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మాత్రతో ఆ చావులను బాగా తగ్గించి చూపారు.

మర్నాడు తిరుగు బస్సులో అచ్చంపేట అక్క ముడుచుకుని కూర్చుంది. మూత్రంలో మంట అట, నిన్నటి నుంచే. ఊళ్లో పల్లేరుకాయ కషాయం కాస్తారని, పోగానే తాగుతానని అంది. తాగితే తాగమన్నాను. పల్లేరుకు మూత్రం జారీ చేసే గుణం ఉందని మన వైద్యం నమ్ముతుంది, కషాయంతో పాటు నీళ్లూ లోపలికి పోతాయి. కానీ నడుము పక్కన నొప్పి ఉందా, చలిజ్వరం వస్తోందా అని అడిగాను. రాత్రి వణికిందని కూతురు చెప్పింది. అంటే అది కిడ్నీల దాకా పాకుతుండొచ్చు. దానికి మూత్రపరీక్ష, యాంటీబయాటిక్ కావాలి, కషాయం చాలదు. అక్క మొహమాటపడింది. ఆ సంగతి మగ డాక్టరుకు చెప్పాలంటే సిగ్గని అంది. కూతురే, "నేనొస్తా అమ్మా, నేను చెప్తా" అంది.

అచ్చంపేటలో ఇద్దరూ దిగారు. కట్టు కట్టిన బొటనవేలితో పిల్ల ముందు నడుస్తూ, ఆసుపత్రికి పోయే ఆటోను చేయెత్తి ఆపింది. టీటీ సూది కూడా అడగమని నేను కిటికీలోంచి గుర్తుచేశాను.